ఎన్విడియా తీసేసి ఎన్విడియా-ఓపెన్ పెట్టమంటారా అని పాక్‌మన్ అడిగితే: వై కొట్టాలా, ఎన్ కొట్టాలా?

మీరు అడిగినవి మూడు. ఆర్చ్ లినక్స్‌లో సిస్టమ్ అప్‌గ్రేడ్ మొదలుపెడితే, ఎన్విడియా ప్యాకేజీని (గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను) తీసేసి ఎక్స్‌ట్రా రిపోలోని (ఆర్చ్ ప్యాకేజీల నిల్వలోని) ఎన్విడియా-ఓపెన్ పెట్టమంటారా అని ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ పాక్‌మన్ అడుగుతోంది, మీ గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060, మరి ఏం కొట్టాలి? ప్రస్తుతానికి ఎన్ కొట్టి నెట్టుకురావచ్చా? ఆఫీసులోని డెబియన్ సర్వర్లు ఇన్నేళ్లలో ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ అడగలేదు, అక్కడ ప్యాకేజీలు మారవా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీ కార్డుకు వై కొట్టకండి. ఎన్ కొట్టి అలాగే వదిలేయడం కూడా కుదరదు. అప్‌గ్రేడ్‌ను అక్కడే ఆపి, 580 శ్రేణి డ్రైవర్‌కు మారి, ఆ తర్వాతే మిగతా సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేయాలి. ఎందుకో, ఎలాగో కింద వివరంగా రాస్తున్నాను. కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాశాను. పాక్‌మన్ ఆప్షన్లలో మొదటి అక్షరం క్యాపిటల్, మిగతావి చిన్నవి అని గుర్తుంచుకుంటే టైప్ చేయడానికి ఇబ్బంది ఉండదు.

అసలు ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ప్యాకేజీని తయారుచేసే మెయింటెయినర్ దాని బిల్డ్ ఫైల్‌లో రీప్లేసెస్ అనే ఒక వరుస రాయవచ్చు. ఫలానా పాత ప్యాకేజీ స్థానంలోకి ఇకపై ఇది వస్తుంది అని దాని అర్థం. మీరు సిస్టమ్ మొత్తాన్ని అప్‌గ్రేడ్ చేసినప్పుడు, అంటే -ఎస్‌వైయూ ఇచ్చినప్పుడు మాత్రమే పాక్‌మన్ ఆ వరుసను చదువుతుంది. -ఎస్ తో ఒక్క ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసినా, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ను -యూ తో పెట్టినా దాన్ని పట్టించుకోదు. అందుకే ఈ ప్రశ్న రోజూ కనిపించదు, కనిపించిన రోజు మాత్రం పెద్ద అప్‌గ్రేడ్ మధ్యలో, మన దృష్టి వేరే దేనిమీదో ఉన్నప్పుడు వస్తుంది.

అది వెర్షన్ పెంచే ప్రశ్న కాదని గమనించండి. పాత ప్యాకేజీని వాడేవాళ్లలో ఎక్కువమందికి కొత్తది సరిపోతుందని మెయింటెయినర్ తీసుకున్న నిర్ణయం అది. ఆ ఎక్కువమందిలో మీ మెషీన్ ఉందో లేదో పాక్‌మన్‌కు తెలియదు. మీ కార్డు ఏదో అది చూడదు, మీ డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో చూడదు. ఆ పని మనిషే చేయాలి, అందుకే ఆగి అడుగుతోంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. రీప్లేస్ ప్రశ్న చివర వై పెద్దక్షరంలో ఉంటుంది, ఊరికే ఎంటర్ కొడితే అవునన్నట్టే. రెండు ప్యాకేజీలు కలిసి ఉండలేవు, ఒకదాన్ని తీసేయమంటారా అని అడిగే కాన్‌ఫ్లిక్ట్ ప్రశ్న చివర ఎన్ పెద్దక్షరం, ఎంటర్ కొడితే వద్దన్నట్టే. పైకి ఒకేలా కనిపించే రెండు ప్రశ్నలకు మౌనంగా వెళ్లే జవాబులు వేరు. అప్‌గ్రేడ్‌ను స్క్రిప్ట్‌లో పెట్టి నో-కన్‌ఫర్మ్ ఆప్షన్ తగిలించిన వాళ్లకు రీప్లేస్‌మెంట్లన్నీ అడగకుండానే జరిగిపోతాయి. కాన్‌ఫ్లిక్ట్ దగ్గర మాత్రం అప్‌గ్రేడ్ ఆగిపోతుంది. నా అభిప్రాయంలో ఆర్చ్ లాంటి రోలింగ్ రిలీజ్ (విడతలు లేకుండా ఎప్పటికప్పుడు మారుతూ ఉండే) సిస్టమ్ మీద ఆ ఆప్షన్‌తో రాత్రిపూట ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ నడపడం అసలు చేయకూడని పని.

ఇక మీ కార్డు సంగతి. 2025 డిసెంబరులో ఆర్చ్ తన వార్తల పేజీలో ప్రకటించిన మార్పు ఇది. ఎన్విడియా డ్రైవర్ 590 వెర్షన్ నుంచి పాస్కల్ తరం కార్డులకు, అంతకన్నా పాతవాటికి సపోర్ట్ లేదు. దాంతో పాటు ఆర్చ్ తన ప్రధాన డ్రైవర్ ప్యాకేజీలను ఓపెన్ కెర్నల్ మాడ్యూళ్లకు, అంటే లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్‌లో చేరే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ముక్కలకు, మార్చేసింది. ఎన్విడియా స్థానంలో ఎన్విడియా-ఓపెన్, ఎన్విడియా-డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను మీ మెషీన్ మీదే మళ్లీ కంపైల్ చేసే రకం) స్థానంలో ఎన్విడియా-ఓపెన్-డీకేఎంఎస్, ఎన్విడియా-ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్ ఉన్న ఎల్‌టీఎస్ కెర్నల్ కోసం) స్థానంలో ఎన్విడియా-ఎల్‌టీఎస్-ఓపెన్ వచ్చాయి. ఎన్విడియా 2022 మేలో విడుదల చేసిన ఈ ఓపెన్ మాడ్యూళ్లు కార్డులోనే ఉండే జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ మీద ఆధారపడి పనిచేస్తాయి. ఆ ప్రాసెసర్ ట్యూరింగ్ తరం నుంచే ఉంది. మీ 1060 పాస్కల్. అందులో అది లేదు కాబట్టి, ఏ సెట్టింగ్ మార్చినా ఎన్విడియా-ఓపెన్ మీ కార్డు మీద నడవదు.

కార్డు పేరు మీద అనుమానం ఉంటే ఊహించకండి, చూడండి:

ఎల్‌ఎస్‌పీసీఐ -కె -డి ::03ఎక్స్‌ఎక్స్

(ఈ కమాండ్‌లో అన్నీ చిన్న అక్షరాలే.) వచ్చే వరుసలో చిప్ పేరు ఉంటుంది. జీపీతో మొదలైతే పాస్కల్, జీఎం అయితే మ్యాక్స్‌వెల్, టీయూ అయితే ట్యూరింగ్, జీఏ అయితే యాంపియర్, ఏడీ అయితే ఏడా. బయట పెట్టె మీద ఉన్న నంబర్ కంటే ఇది నమ్మదగినది. జీటీఎక్స్ 1650 పేరు చూస్తే 1060కి చుట్టంలా అనిపిస్తుంది కానీ అది ట్యూరింగ్, దానికి వై కొట్టవచ్చు. ఆర్‌టీఎక్స్ 20 శ్రేణి, ఆ పైవాటికీ అంతే, నిశ్చింతగా వై కొట్టండి.

ఎన్ కొడితే ఏమవుతుంది? ఎన్విడియా ప్యాకేజీ, సరిగ్గా అదే వెర్షన్ ఉన్న ఎన్విడియా-యుటిల్స్‌ను (డ్రైవర్ లైబ్రరీల ప్యాకేజీని) కోరుతుంది. మీరు ఎన్ కొట్టారు కాబట్టి డ్రైవర్ పాత 580 దగ్గరే ఉంటుంది, కానీ రిపోలో యుటిల్స్ 590కి వెళ్లిపోయింది. యుటిల్స్‌ను పెంచితే డ్రైవర్ డిపెండెన్సీ (దానికి కావలసిన వేరే ప్యాకేజీతో ముడి) తెగిపోతుందని చెప్పి పాక్‌మన్ మొత్తం అప్‌గ్రేడ్‌నే ఆపేస్తుంది. ఇక్కడే చాలామంది తప్పు దారి పడతారు. ఆ రెండు ప్యాకేజీలనూ ఇగ్నోర్ లిస్టులో (వీటిని అప్‌గ్రేడ్ చేయవద్దని పాక్‌మన్‌కు చెప్పే జాబితాలో) పెట్టి మిగతావన్నీ అప్‌గ్రేడ్ చేస్తారు. కెర్నల్ కొత్తదవుతుంది. పాత ఎన్విడియా ప్యాకేజీలోని మాడ్యూల్ మాత్రం పాత కెర్నల్ కోసం ముందే కంపైల్ చేసి పెట్టినది. రీబూట్ చేశాక కొత్త కెర్నల్‌కు మాడ్యూలే దొరకదు. వై కొడితే వచ్చే నల్ల తెరే ఇలా కూడా వస్తుంది, కాకపోతే కారణం వెతకడం ఇంకా కష్టమవుతుంది. పాక్‌మన్ డిపెండెన్సీ చెప్పి ఆపినప్పుడు -ఆర్‌డీడీతో ఆ తనిఖీని దాటేయమని ఎవరైనా చెప్పినా వినకండి, ఆర్చ్ వార్తల పేజీలో ఆ సందర్భానికి అలా చేయమని రాసి ఉంటే తప్ప.

సరైన క్రమం ఇది. మొత్తం చదివాకే మొదలుపెట్టండి.

ఎన్ కొట్టి బయటికొచ్చినా ప్యాకేజీల జాబితా అప్పటికే తాజా అయిపోయిందని గుర్తుంచుకోండి. ఇప్పుడు -ఎస్ తో కెర్నల్ హెడర్లను (మాడ్యూల్ కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లను) విడిగా పెడితే కొత్త కెర్నల్ హెడర్లు వస్తాయి, నడుస్తున్నది పాత కెర్నల్. కాబట్టి హెడర్లను విడిగా పెట్టకండి, చివర్లో కెర్నల్‌తో కలిపే తెచ్చుకోండి.

ముందుగా, గ్రాఫిక్స్ బాగా పనిచేస్తుండగానే, ఏయూఆర్ నుంచి ఎన్విడియా-580ఎక్స్‌ఎక్స్-డీకేఎంఎస్, దానికి జోడీ అయిన 580ఎక్స్‌ఎక్స్-యుటిల్స్ బిల్డ్ ఫైళ్లు తెచ్చుకుని మేక్-పీకేజీతో ప్యాకేజీలు కట్టి పెట్టుకోండి. ఇంకా ఇన్‌స్టాల్ చేయవద్దు. ఏయూఆర్ అధికారిక రిపో కాదు, వాడుకరులు పెట్టిన బిల్డ్ ఫైళ్లు అవి. ఒక్కసారి తెరిచి చదవండి, డౌన్‌లోడ్ లింక్ ఎన్విడియా సైట్‌దేనా చూడండి. మీరు స్టీమ్ లాంటి 32 బిట్ ప్రోగ్రాములు వాడుతుంటే లిబ్32 యుటిల్స్‌కు కూడా 580ఎక్స్‌ఎక్స్ జోడీ కట్టుకోవాలి, లేకపోతే పాత లిబ్32 ప్యాకేజీ అడ్డుపడుతుంది.

తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్లి లాగిన్ అవ్వండి. డెస్క్‌టాప్ నడుస్తుండగా దాని కింది లైబ్రరీలు మార్చడం మంచిది కాదు. అక్కడ -ఆర్ తో ఎన్విడియా ప్యాకేజీని తీసేయండి. ఇప్పుడు కట్టిపెట్టిన ప్యాకేజీలన్నీ ఒకే -యూ కమాండ్‌లో ఇవ్వండి. ఎన్విడియా-యుటిల్స్‌తో కాన్‌ఫ్లిక్ట్ ఉంది, తీసేయమంటారా అని అడుగుతుంది. పైన చెప్పానే, ఈ ప్రశ్నకు ఎంటర్ కొడితే వద్దన్నట్టు. ఇక్కడ వై అని టైప్ చేయాలి. పాత యుటిల్స్ కచ్చితమైన వెర్షన్‌ను పట్టుకుని ఉన్న వేరే ప్యాకేజీ ఏదైనా ఉంటే పాక్‌మన్ దాని పేరు చెప్పి ఆగుతుంది. ఆ పేరు రాసుకోండి, దాన్ని తీసి మళ్లీ ప్రయత్నించండి. హెడర్లు లేవని డీకేఎంఎస్ ఈ దశలో ఫిర్యాదు చేస్తే కంగారుపడకండి.

ఇప్పుడు మొత్తం అప్‌గ్రేడ్, హెడర్లతో కలిపి:

సుడో పాక్‌మన్ -ఎస్‌వైయూ లినక్స్-హెడర్స్

మీది ఎల్‌టీఎస్ కెర్నల్ అయితే లినక్స్-ఎల్‌టీఎస్-హెడర్స్ అని ఇవ్వాలి. ఇప్పుడు కొత్త కెర్నల్, దాని హెడర్లు ఒకే విడతలో వస్తాయి, చివర్లో డీకేఎంఎస్ ఆ కెర్నల్ కోసం మాడ్యూల్‌ను కంపైల్ చేస్తుంది. రీబూట్ చేసే ముందు డీకేఎంఎస్ స్టేటస్ అని కొట్టి, కొత్త కెర్నల్ వెర్షన్ పక్కన ఇన్‌స్టాల్డ్ అని ఉందో లేదో కళ్లతో చూడండి. ఇనిట్ ఇమేజ్‌లో (బూట్ మొదట్లో లోడ్ అయ్యే ఫైల్‌లో) ఎన్విడియా మాడ్యూళ్లు పెట్టుకున్నవాళ్లు ఎంకే-ఇనిట్-సీపీఐఓను క్యాపిటల్ -పీ తో మళ్లీ నడపండి. అది ఉందని తేలాకే రీబూట్.

ఒకవేళ ఈ జవాబు చూసేలోపే వై కొట్టేసి నల్ల తెర ముందు కూర్చుని ఉంటే, సిస్టమ్ పోలేదు, గ్రాఫిక్స్ మాత్రమే పోయింది. అదే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3. అది కూడా రాకపోతే బూట్ మెనూలో కెర్నల్ వరుస చివర సిస్టమ్‌డీ.యూనిట్=మల్టీ-యూజర్.టార్గెట్ అని చేర్చి బూట్ చేయండి, టెక్స్ట్ లాగిన్ వస్తుంది. అక్కడ ఎన్విడియా-ఓపెన్ తీసేసి పైన చెప్పినట్టే 580 ప్యాకేజీలు కట్టి పెట్టండి. వైఫై కావాలంటే నెట్‌వర్క్ మేనేజర్ వాడేవాళ్లకు ఎన్ఎంసీఎల్ఐ, లేదా ఎన్ఎంటీయూఐ అనే కమాండ్ ఉంది. ప్యాకేజీ క్యాష్‌లో పాత 580 ఎన్విడియా ఫైల్ ఉంది కదా, దాన్నే తిరిగి పెట్టేస్తే పోలా అనుకోవచ్చు. అది ఒక్కటే చాలదు. అది ఏ కెర్నల్ కోసం కట్టారో ఆ కెర్నల్‌నూ, అదే వెర్షన్ యుటిల్స్‌నూ కలిపి ఒకే -యూ లో వెనక్కి తీసుకురావాలి. ఇది తాత్కాలికంగా పని గడుపుతుంది, అంతే. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు వెళ్లిందో, ఏది తీసేసి ఏది పెట్టిందో తేదీతో సహా పాక్‌మన్ లాగ్‌లో ఉంటుంది, వార్ డైరెక్టరీలోని లాగ్ ఫోల్డర్‌లో చూడండి.

డ్రైవర్ విషయం ఇక్కడికి చాలు. మీరు సర్వర్లు కూడా చూసుకుంటారన్నారు కాబట్టి, ఈ రీప్లేస్‌మెంట్ల గురించి ఇంకొంత చెప్పాలి. అన్నీ ఇంత ప్రమాదమైనవి కావు.

కొన్ని కేవలం పేరు మార్పులు. ఎథీరియల్ అనే నెట్‌వర్క్ ఎనలైజర్ ట్రేడ్‌మార్క్ కారణంగా 2006లో వైర్‌షార్క్ అయింది. ప్రోగ్రాం అదే, పేరు కొత్తది. ఇలాంటివాటికి ఆలోచించక్కర్లేదు. కొన్ని ఒక ప్యాకేజీని ముక్కలు చేయడం వల్ల వస్తాయి, వీటిలో కొంచెం జాగ్రత్త కావాలి. 2025 జూన్‌లో ప్లాస్మా డెస్క్‌టాప్ 6.4 వచ్చినప్పుడు ఆర్చ్‌లో దాని విండో మేనేజర్ కేవిన్ రెండుగా విడిపోయింది. పాత డిస్‌ప్లే వ్యవస్థ ఎక్స్11 మీద లాగిన్ అయ్యేవాళ్లు ప్లాస్మా-ఎక్స్11-సెషన్ అనే ప్యాకేజీని చేతితో పెట్టుకోవాలి, అప్‌గ్రేడ్ దానంతట అది తేదు. పెట్టుకోకపోతే లాగిన్ స్క్రీన్‌లో ఎక్స్11 సెషనే కనిపించదు. ముక్కలైనప్పుడు మీకు కావలసిన ముక్క వచ్చిందా అన్నది చూడాలి.

అదే నెలలో లినక్స్-ఫర్మ్‌వేర్‌ను (హార్డ్‌వేర్ పరికరాల్లోకి లోడ్ అయ్యే ఫైళ్ల ప్యాకేజీని) కూడా కంపెనీల వారీగా విడగొట్టారు. ఎన్విడియా ఫోల్డర్‌లో సింబాలిక్ లింకుల (వేరే చోటును చూపించే షార్ట్‌కట్‌ల) అమరిక మారడంతో, ఫైల్ ఇప్పటికే ఉంది అంటూ అప్‌గ్రేడ్ ఆగిపోయింది. ఆర్చ్ చెప్పిన పరిష్కారం -ఆర్‌డీడీతో లినక్స్-ఫర్మ్‌వేర్‌ను తీసి, వెంటనే -ఎస్‌వైయూ లినక్స్-ఫర్మ్‌వేర్ అని తిరిగి పెట్టడం. నేను పైన మినహాయింపు అన్నది ఇలాంటిదే. ఈ రెండు కమాండ్ల మధ్య మాత్రం రీబూట్ చేయకూడదు. అప్పట్లో కొందరు ఓవర్‌రైట్ ఆప్షన్‌కు నక్షత్రం గుర్తు ఇచ్చి అన్ని ఫైళ్లనూ తొక్కించేయమని సలహా ఇచ్చారు. అలా చేయవద్దు. ఏ ఫైల్ ఎవరిదో -క్యూఓతో అడిగి తెలుసుకోండి. ఏ ప్యాకేజీకీ చెందని ఫైల్ అయితే అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకున్నాకే తీయండి.

నిజంగా ఆగి ఆలోచించాల్సినవి మూడో రకం: ఒక సాఫ్ట్‌వేర్ స్థానంలో ఇంకో సాఫ్ట్‌వేర్ రావడం. మీ ఎన్విడియా సంగతి ఈ రకమే. సర్వర్లలో దీనికి మంచి ఉదాహరణ రెడిస్, వాల్కీ అనే మెమరీలో నడిచే డేటాబేస్‌లు. 2024 మార్చి 20న రెడిస్ తన బీఎస్‌డీ లైసెన్స్‌ను వదిలేసింది. ఆ నెలాఖరులోనే రెడిస్ 7.2.4 నుంచి విడిపోయిన వాల్కీని లినక్స్ ఫౌండేషన్ ప్రకటించింది. ఆ ఏడాది ఫెడోరా లినక్స్ 41లో రెడిస్ స్థానంలోకి వాల్కీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆర్చ్ కూడా అదే నిర్ణయం ప్రకటించి, రెడిస్‌ను సుమారు 14 రోజుల తర్వాత అధికారిక రిపో నుంచి ఏయూఆర్‌కు పంపుతామని చెప్పింది.

ఈ రకం మార్పులో ప్యాకేజీ మేనేజర్ తన పని ఎక్కడ ఆపేస్తుందో తెలుసుకోవడం ముఖ్యం. అది పాత ఫైళ్లు తీసి కొత్త ఫైళ్లు పెడుతుంది. ఆర్చ్‌లో అంతకు మించి ఆశించకండి. రెడిస్ కాన్ఫిగ్ ఈటీసీలోని రెడిస్ ఫోల్డర్‌లో ఉండేది, వాల్కీది వాల్కీ ఫోల్డర్‌లో ఉంటుంది. మీరు రాసుకున్న పాస్‌వర్డ్, బైండ్ అడ్రస్, మెమరీ పరిమితి కొత్త ఫైల్‌లో ఉండవు. మీరు మార్చిన పాత కాన్ఫిగ్‌ను పాక్‌మన్ చెరిపేయదు, పేరు చివర పాక్‌సేవ్ అని చేర్చి ఉంచుతుంది. డేటా వార్ కింద లిబ్‌లోని రెడిస్ ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది, వాల్కీ తన ఖాళీ ఫోల్డర్‌తో మొదలవుతుంది. అప్లికేషన్ కనెక్ట్ అవుతుంది, కీలు మాత్రం ఒక్కటీ ఉండవు. దాన్ని చూసి డేటా పోయిందని హడలిపోవద్దు. వాల్కీని ఆపి, డంప్ ఫైల్‌ను, అపెండ్ ఫైల్ వాడుతుంటే ఆ ఫోల్డర్‌నూ కొత్త చోటికి కాపీ చేసి, యజమానిని వాల్కీ యూజర్‌కు మార్చి, అప్పుడు మొదలుపెట్టండి. ఓనర్‌షిప్ మార్చడం మరిచిపోతే వాల్కీ ఆ ఫైళ్లను చదవలేక మొరాయిస్తుంది. ఒక హద్దు ఉంది: రెడిస్ 7.2, అంతకు ముందువాటి డేటా ఫైళ్లనే వాల్కీ చదువుతుంది. 7.4 నుంచి ఫైల్ ఫార్మాట్ మారింది, వాటిని నేరుగా తెరవలేదు. కాబట్టి మార్చే ముందు ఏ వెర్షన్ నడుస్తోందో చూడండి.

సర్వీస్ సంగతి ఇంకా నిశ్శబ్దంగా దెబ్బతీస్తుంది. రెడిస్ సర్వీస్‌ను మీరు ఎనేబుల్ చేసినప్పుడు (బూట్‌లో దానంతట అదే మొదలయ్యేలా పెట్టినప్పుడు), సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ ఈటీసీలో ఒక లింక్ పెట్టింది. ప్యాకేజీ వెళ్లిపోయాక ఆ లింక్ గాల్లో వేలాడుతూ ఉంటుంది, వాల్కీకి అలాంటి లింక్ ఎవరూ పెట్టలేదు. ఆర్చ్ సర్వీసులను తనంతట తాను ఎనేబుల్ చేయదు. అప్‌గ్రేడ్ అయిన రోజు మీరు వాల్కీని చేతితో స్టార్ట్ చేసి ఉంటే అంతా బాగానే కనిపిస్తుంది. వారాల తర్వాత సర్వర్ రీబూట్ అయిన రోజు అది లేవదు. అసలు మొదలవని సర్వీస్ కాబట్టి ఫెయిలైన సర్వీసుల జాబితాలోనూ ఉండదు. అందుకే ప్రతి రీప్లేస్‌మెంట్ తర్వాత నేను తెగిన లింకులు వెతుకుతాను:

ఫైండ్ /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్ -ఎక్స్‌టైప్ ఎల్

అక్కడ వచ్చే ప్రతి పేరూ, నడవాలని మీరు ఒకప్పుడు కోరుకుని ఇప్పుడు నడవని సర్వీసే.

నిర్ణయం తీసుకునే ముందు -ఎస్‌ఐ తో కొత్త ప్యాకేజీ వివరాలు చూడండి. రీప్లేసెస్, కాన్‌ఫ్లిక్ట్స్, ప్రొవైడ్స్ వరుసలు అందులోనే ఉంటాయి. ప్రొవైడ్స్‌లో పాత పేరు ఉంటే, ఆ పేరు మీద ఆధారపడిన వేరే ప్యాకేజీలకు ఇబ్బంది లేదని తెలుస్తుంది. చెక్-అప్‌డేట్స్ అనే కమాండ్ చూసి ధైర్యపడకండి, అది అదే పేరున్న ప్యాకేజీల కొత్త వెర్షన్లనే చూపిస్తుంది, రీప్లేస్‌మెంట్లను చూపించదు. తొందర లేని మార్పు అయితే రెండు మూడు రోజులు ఆగడంలోనూ తప్పు లేదు. 2022 మేలో ఆర్చ్ ఆడియో కనెక్షన్లు చూసుకునే పైప్‌వైర్-మీడియా-సెషన్ స్థానంలో వైర్‌ప్లంబర్‌ను పెట్టింది. పల్స్‌ఆడియో అనే ఆడియో సర్వర్ వాడేవాళ్లకు చిక్కు రావచ్చని తెలిసి వెంటనే ఆ మార్పును వెనక్కి తీసుకుంది. ఆగడమంటే మొత్తం అప్‌గ్రేడ్‌ను ఆపడం. ఒక ప్యాకేజీని మాత్రమే ఇగ్నోర్ లిస్టులో పెట్టి నెలల తరబడి నడపడం వేరు. అలా పెడితే పాక్‌మన్ ఒక హెచ్చరిక ఇచ్చి రీప్లేస్‌మెంట్‌ను వదిలేస్తుంది, కానీ రిపోలో లేని ఆ పాత ప్యాకేజీకి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇక రావు. అది వాడే లైబ్రరీ పెద్ద వెర్షన్ మారిన రోజు తెరుచుకోవడం కూడా మానేస్తుంది. -క్యూఎం కొడితే ఏ రిపోలోనూ లేని ప్యాకేజీల జాబితా వస్తుంది. అందులో మీరు కావాలని ఏయూఆర్ నుంచి తెచ్చుకోనిది ఏదైనా ఉంటే, దాని సంగతి తేల్చాల్సిన సమయం వచ్చినట్టే.

ఇప్పుడు మీ డెబియన్ సర్వర్లు. అక్కడా మారతాయి, అడిగే తీరు వేరు. ఆర్చ్‌లోలా ఈ ప్యాకేజీని ఆ ప్యాకేజీతో మార్చనా అనే ప్రశ్న డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఏపీటీలో ఉండదు. పేరు మారితే పాత పేరుతోనే ఒక ఖాళీ ట్రాన్సిషనల్ ప్యాకేజీ వస్తుంది. దాని పనల్లా కొత్తదాన్ని డిపెండెన్సీగా లాక్కురావడం. మీరు అప్‌గ్రేడ్ చేస్తే పాతది కొత్త వెర్షన్‌కు వెళ్లినట్టు కనిపిస్తుంది, దాని వెనక అసలు ప్రోగ్రాం ఇంకోటి వస్తుంది. ఉదాహరణకు 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో సిస్టమ్ గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ స్థానంలోకి ఎన్‌టీపీసెక్ వచ్చింది. దాని కాన్ఫిగ్ ఈటీసీలో ఎన్‌టీపీసెక్ అనే సొంత ఫోల్డర్‌లో ఉంటుంది. మీరు పాత ఫైల్‌లో సొంత టైమ్ సర్వర్లు రాసుకుని ఉంటే, అవి కొత్త ఫైల్‌లో ఉన్నాయో లేదో చూడండి.

డెబియన్ ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైల్‌లో కూడా రీప్లేసెస్ అనే వరుస ఉంది, కానీ అది పాక్‌మన్‌ది లాంటిది కాదు. అది ఒక్కటే ఉంటే, ఆ ప్యాకేజీ ఫైళ్ల మీద నా ఫైళ్లు రాయనివ్వు అని మాత్రమే అర్థం. కాన్‌ఫ్లిక్ట్స్‌తో కలిసి ఉంటేనే మొత్తం ప్యాకేజీ స్థానాన్ని తీసుకోవడం. బయటి కంపెనీలు ఇచ్చే డెబ్ ఫైళ్లలో ఈ వరుస సరిగ్గా రాయకపోతే, ఇంకో ప్యాకేజీలోని ఫైల్ మీద రాయబోతోందంటూ డీపీకేజీ (ఏపీటీ వెనక ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం) ఆగిపోతుంది. అప్పుడు ఫోర్స్ ఆప్షన్ వాడటం కంటే, డీపీకేజీకి క్యాపిటల్ -ఎస్ ఇచ్చి ఆ ఫైల్ ఎవరిదో చూసి, రెండింట్లో ఏది అక్కర్లేదో తేల్చుకోవడం మేలు.

మామూలు ఏపీటీ అప్‌గ్రేడ్ ఏ ప్యాకేజీనీ తీసేయదు. తీసేయాల్సి వస్తే దాన్ని పక్కన ఆపి ఉంచుతుంది. తీసేయడానికి ఫుల్-అప్‌గ్రేడ్ ఒప్పుకుంటుంది. అందుకే ఫుల్-అప్‌గ్రేడ్ ముందు -ఎస్ తో, ఇక్కడ చిన్న ఎస్, ఒకసారి ఉత్తుత్తిగా నడిపి, తొలగించే ప్యాకేజీల జాబితా చదవడం నేను ఎప్పుడూ మానను. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13కు వెళ్లేటప్పుడు ఆ జాబితా చూసి భయపడకండి. 2038 జనవరి 19న 32 బిట్ సమయపు లెక్క నిండిపోయే సమస్య కోసం చాలా లైబ్రరీల పేర్ల చివర టీ64 చేర్చారు. లిబ్‌ఎస్ఎస్ఎల్3 పోయి లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 వస్తుంది, ఇలాంటివి చాలా ఉంటాయి. మీ 64 బిట్ సర్వర్లలో కొత్త ప్యాకేజీ పాత పేరును కూడా ప్రొవైడ్ చేస్తుంది కాబట్టి బయటి డెబ్ ఫైళ్లు సాధారణంగా నడుస్తాయి. తొలగించే ప్రతి లైబ్రరీకి టీ64 జోడీ ఇన్‌స్టాల్ జాబితాలో ఉందా అన్నది చూడండి. జోడీ లేకుండా పోతున్న పేరు, ముఖ్యంగా డేటాబేస్‌దో వెబ్ సర్వర్‌దో కనిపిస్తే అక్కడే ఆగండి.

డేటాబేస్ అయితే ఇంకో మెట్టు ఎక్కువ జాగ్రత్త. 2017 జూన్‌లో వచ్చిన డెబియన్ 9లో మైఎస్‌క్యూఎల్ స్థానంలో మరియాడీబీ 10.1 వచ్చింది. డేటా ఫైళ్లు కొత్త ఫార్మాట్‌లోకి మారిపోయాక పాత సర్వర్ వాటిని తిరిగి తెరవలేదు, విడిగా తీసిన డంప్ ఒక్కటే వెనక్కి దారి అని రిలీజ్ నోట్స్‌లోనే రాశారు. పాత ప్యాకేజీ ఫైల్ దాచుకుని ఉంటే వెనక్కి వెళ్లవచ్చు అనే ధైర్యం డ్రైవర్లకు పనిచేస్తుంది, డేటాబేస్‌కు పనిచేయదు.

ఫెడోరా వాడితే అక్కడ దీన్ని అబ్సొలీట్స్ అంటారు. విడిగా ప్రశ్న రాదు, ఫెడోరా ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్ చూపించే పట్టికలో కొత్త ప్యాకేజీ కింద రీప్లేసింగ్ అని పాతదాని పేరు ఉంటుంది. మొత్తానికి కలిపి ఒకే వై. పట్టిక పొడుగ్గా ఉన్నప్పుడు ఆ వరుస కళ్లబడకుండా జారిపోతుంది. డీఎన్‌ఎఫ్ రిపోక్వెరీ, వాట్-అబ్సొలీట్స్ ఆప్షన్‌తో ప్యాకేజీ పేరు ఇస్తే, దాని స్థానంలోకి ఏది రాబోతోందో ముందే చెబుతుంది.

580ఎక్స్‌ఎక్స్ పెట్టాక ఇంకో మాట. ఏయూఆర్ ప్యాకేజీలను -ఎస్‌వైయూ తాకదు, కెర్నల్ మాత్రం కొత్తదవుతూ ఉంటుంది. కెర్నల్ పెద్ద వెర్షన్ మారిన ప్రతిసారీ రీబూట్‌కు ముందు డీకేఎంఎస్ స్టేటస్ చూడండి, కంపైల్ ఫెయిలైతే ఏయూఆర్ పేజీలో కొత్త బిల్డ్ వచ్చిందేమో చూసుకోండి. పక్కనే ఎల్‌టీఎస్ కెర్నల్‌ను, దాని హెడర్లను పెట్టుకుంటే, మెయిన్ కెర్నల్‌కు మాడ్యూల్ కట్టకపోయిన రోజు బూట్ మెనూలో దాన్ని ఎంచుకుని పని చేసుకోవచ్చు. ఎల్‌ఎస్‌పీసీఐ వరుస, పాక్‌మన్ ఆగిన చోట వచ్చిన మెసేజ్ యథాతథంగా ఇక్కడ పెట్టండి, మీరు మొదలుపెట్టే ముందే చూసి చెబుతాను.